అటకెక్కిన పాటను దించేద్దామా!

*అల్మారా నిండా సీడీలు, డీవీడీలు. కావాల్సింది మాత్రం కావాల్సినప్పుడు దొరకదు. దొరికినా పెట్టి వినడానికి ప్లేయర్ ఉండదు. వందల డిస్కులున్న ఇంట్లో కోరిన పాట చిటికెలో మోగాలంటే ఏం చేయాలి?*

అక్క పెళ్లి డీవీడీ ఎక్కడుంది? ఘంటసాల పాటల సీడీ ఏ డబ్బాలో పెట్టాం? బాబు అక్షరాభ్యాసం కవర్లో ఈ సినిమా వీసీడీ ఎలా వచ్చింది?... డిస్కులు పోగేసిన ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్నలే ఇవి.

1982లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన సీడీ, తర్వాతి కాలంలో మన ఇళ్లలో క్యాసెట్ల చోటు ఆక్రమించింది. దాని వెనకే వీసీడీ వచ్చింది. ఒక్కోదాంట్లో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే. 184 నిమిషాల 'మాయాబజార్'ని రెండు వీసీడీల్లో సర్దడం కుదరని పని! ఆపైన డీవీడీ. మోజర్ బేర్ సంస్థ 28 రూపాయలకే వీసీడీ, 34 రూపాయలకే డీవీడీ అమ్మడంతో కిరాణా సరుకులతోపాటు సినిమాలూ సంచిలో పడ్డాయి. ఆ సంస్థే తర్వాత దివాలా ప్రక్రియలోకి వెళ్లి మూతపడింది. 2023లో నెట్‌ఫ్లిక్స్ డీవీడీల అద్దె ఆపేసింది. 2025 ఫిబ్రవరిలో సోనీ రికార్డబుల్ బ్లూరే డిస్కుల తయారీకి స్వస్తి చెప్పింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే అరే లేదు. అందుకే సర్దుకునే పనేదో ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

ముందు పెళ్లి... తర్వాతే సినిమా

డిస్కులన్నీ ఒకేలా మెరుస్తాయి కానీ వాటి ఆయుష్షు ఒకటి కాదు. కంపెనీ అచ్చువేసిన సీడీలో సమాచారం గుంతల రూపంలో ఉంటుంది. స్టూడియోవాళ్లు కంప్యూటర్‌లో రాసిచ్చిన పెళ్లి డిస్కులో అది ఒక రంగు పొర మీద ఉంటుంది. ఎండ, వేడి, తేమ తగిలితే ఆ రంగు పాడవుతుంది. సినిమా డిస్కు పోతే మరోచోట దొరకొచ్చు. తాతయ్య షష్టిపూర్తిలో ఆయన గొంతు ఉన్న డిస్కు పోతే మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి ఇంట్లో వేడుకల డిస్కులన్నీ ముందు పక్కకు తీయాలి. కాపీ చేయాల్సిందీ మొదట వాటినే.

అంకె వేస్తే చాలు

హీరోల వారీగా, సంగీత దర్శకుల వారీగా సర్దాలని చాలామంది మొదలుపెడతారు. నాలుగు కొత్త డిస్కులు రాగానే వరసంతా తప్పుతుంది. అంతకంటే తేలిక... వచ్చింది వచ్చినట్టు 1, 2, 3 అని అంకెలు వేసుకోవడం. ఏ అంకెలో ఏముందో ఒక నోట్‌బుక్కులోనో కంప్యూటర్‌లోనో రాసుకుంటే సరి. పేరు పక్కన సంవత్సరం తప్పనిసరి. ఎందుకంటారా... 'దేవదాసు' అని మాత్రమే రాస్తే 1953 నాటిదా, 1974దా, 2006దా?

చోటూ సమస్యే. మామూలు ప్లాస్టిక్ డబ్బా మందం సుమారు సెంటీమీటరు. వంద సీడీలకు మీటరు పొడవు అర కావాలి. చోటు లేనివాళ్లు డిస్కునీ లోపలి కాగితాన్నీ సంచుల ఆల్బమ్‌లో దాచి, డబ్బాలు తీసేయొచ్చు. డబ్బాలు ఉంచుకుంటే మాత్రం పుస్తకాల్లా నిలువుగా పేర్చాలి.

ఒక్క పెట్టెలో ఇల్లంతా పాట

ఒకప్పుడు సోనీ 400 డిస్కులు పట్టే ఛేంజర్లు చేసేది. ఇప్పుడా పని చేతిలో ఇమిడే హార్డ్‌డిస్కు చేస్తుంది. లెక్క చూడండి. పాటల సీడీని నాణ్యత తగ్గకుండా ఫ్లాక్ రూపంలో దాస్తే సుమారు 300 నుంచి 400 ఎంబీ. అంటే 500 సీడీలకు 200 జీబీ చాలు. రెండు పొరల డీవీడీ నిండా ఉన్నా 8.5 జీబీయే. వంద డీవీడీలకు 850 జీబీ. రెండు టీబీల డిస్కులో రెండూ పట్టగా ఇంకా చోటు మిగులుతుంది.

కావాల్సింది యూఎస్‌బీ తీగతో తగిలించుకునే డీవీడీ డ్రైవ్. పాటల సీడీలకు ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. గీతలున్న చోట మళ్లీ మళ్లీ చదివి సరిచూస్తుంది. వీసీడీలో 'ఎంపెగ్ఏవీ' ఫోల్డర్‌లోని డాట్ ఫైలునీ, పెళ్లి డీవీడీలో 'వీడియో టీఎస్' ఫోల్డర్‌నీ కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో ఆడతాయి. కొన్న సినిమా డీవీడీల్లో చాలావాటికి తాళాలుంటాయి. హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో వాటిని ఛేదించడం 2012 సవరణ నుంచీ నేరం. అవి డిస్కులుగానే ఉండనివ్వండి. పాత డీవీడీ ప్లేయర్‌నీ పారేయకండి!

కాపీలయ్యాక హార్డ్‌డిస్కును టీవీకి తగిలించడం ఒక పద్ధతి. ఇంట్లో ఓ కంప్యూటర్‌లో జెల్లీఫిన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టడం మరో పద్ధతి. అప్పుడు వైఫై మీద హాల్లో టీవీలో అమ్మ సినిమా చూస్తుంటే, గదిలో ఫోన్‌లో నాన్న పాటలు వినొచ్చు.

అయితే, హార్డ్‌డిస్కూ చిరంజీవి కాదు. చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట... ఇదీ నిపుణులు చెప్పే సూత్రం. అసలు డిస్కు ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి, అన్నయ్య వాళ్లింట్లో ఇంకోటి. మూడూ ఒకేసారి పోవడం అరుదు.

ఇవి గుర్తుంచుకోండి

* డిస్కును అంచులతో, మధ్య రంధ్రంతో మాత్రమే పట్టుకోవాలి.
* తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకూడదు. మధ్యలోంచి అంచుకు నేరుగా, మెత్తని నూలుగుడ్డతో తుడవాలి.
* సీడీలో సమాచార పొర ఉండేది బొమ్మ వైపే. అక్కడ బాల్‌పెన్నుతో రాస్తే మెరిసే వైపు గీత పడ్డదానికన్నా ఎక్కువ నష్టం.
* కాగితం స్టిక్కర్లు అంటించొద్దు. అంటించినవి పీకొద్దు.
* గాలాడని, తడి గోడల అల్మారాలు వద్దు. 2001లో మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి వచ్చిన ఓ సీడీని బూజే తినేసిందని శాస్త్రవేత్తలు గుర్తించారు!

రోజుకు నాలుగు డిస్కులు కాపీ చేసుకుంటూ పోతే, 500 పూర్తవడానికి పట్టేది నాలుగు నెలలే. మొదటి రోజు నాలుగింటిలో తాతయ్య గొంతు ఉండేలా చూసుకోండి.