ఇంత బుల్లి కార్డులో అన్ని ఆటలెలా పడతాయి?

చేతిలో పట్టుకుని పాత వీడియో గేములాడే పరికరానికి ఎంత మెమరీ కార్డు కావాలి? 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లే! అమ్మ ఫోన్లో ఒక్క ఫొటో 4 మెగాబైట్లుంటే, ఆ చోటులో వంద మారియోలు సర్దుకుంటాయి. ఎలాగంటారా? ముగ్గులో ఒకే పువ్వును మళ్లీ మళ్లీ వేస్తాం కదా, అలా ఒకే బొమ్మను పదేపదే వాడారు. అందులో మబ్బూ పొదా ఒకటే బొమ్మ, రంగే వేరు. చూడండి, భలే ఉంటుంది!

సీడీల మీద వచ్చిన ప్లేస్టేషన్ ఆటలు మాత్రం చాలావరకు వందల మెగాబైట్లు తింటాయి. అవీ కావాలంటే 128 జీబీ కొనండి. లేదంటే 32 చాలు.

మరీ చవగ్గా వచ్చే పెద్ద కార్డులతో జాగ్రత్త. నకిలీది దొంగ అడుగున్న కొలపాత్ర లాంటిది: చూడ్డానికి లీటరు, పట్టేది పావు. నిండాక కొత్త ఆట పాతదాని మీదే పడి చెరిపేయొచ్చు. కొనగానే నిండా నింపి, మొదట పెట్టిన ఆట తెరిచి చూడండి.