పాడిపశువులలో సెలీనియం, సూక్ష్మ ఖనిజ లోపములు: గుర్తించు విధానము

సారంగాపూర్ పరిసర గ్రామములలో బర్రె మూడు నాలుగు మార్లు ఎదకు వచ్చియు చూడు నిలువకున్నచో గొడ్డుబోయినదని అంగడికి తోలుట మనమెరిగినదే. ఈనిన పిదప మాయ పడకున్న దిష్టి తగిలినదందురు. దూడ నిలువలేక కూలబడిన తల్లిపాలు చాలలేదందురు. పాడిని నమ్ముకొన్న ఇండ్లు మన విద్యార్థులలో అనేకులకు గలవు. మంచి బర్రెను కోతకు అమ్ముకొనుట ఆ ఇండ్లకు చిన్న నష్టము కాదు. కావున అట్టి పశువునకు నిజముగా ఏది కొరవడినదో తెలిసికొను మార్గమును ఇచట వివరింపదలచితిమి.

శ్రీరాంసాగర్ జలములు వచ్చిన పిదప జగిత్యాల ప్రాంతమున వరి విస్తరించినది. దానితోపాటు వరిగడ్డి పశువుల ముఖ్యాహారమైనది. ఈ గడ్డి కడుపు నింపును గాని ఇందు సిలికా, ఆక్సలేట్లు హెచ్చు, భాస్వరము తక్కువ. నీరు నిలిచిన మళ్ళలో జింకు మొక్కకు సరిగా అందదు. పచ్చిమేతలో సమృద్ధిగా నుండు విటమిన్ ఇ ఎండిన గడ్డిలో చాలవరకు నశించును. ఈ విటమినుకు సెలీనియం తోడు; ఒకటి తగ్గినపుడు రెండవదాని అవసరము పెరుగును.

సెలీనియంను 1817లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ కనుగొనెను. చాలకాలము దీనిని విషముగానే ఎంచిరి. 1957లో ష్వార్జ్, ఫోల్జ్ అనువారు ఇది జీవమునకు ఆవశ్యకమని చూపిరి. శరీర కణములను ఆక్సీకరణ దెబ్బనుండి కాపాడు గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అను ఎంజైములో ఇది భాగమని 1973లో తేలినది. ఇది లోపించిన దూడల కండరములు తెల్లబారి బిగుసుకొనును. గుండె కండరము దెబ్బతిన్నచో దూడ హఠాత్తుగా మరణించును. పాడిపశువు మేతలో కిలో పొడి పదార్థమునకు 0.3 మిల్లీగ్రాము చాలును. దినమునకు పది కిలోల పొడి పదార్థము తిను బర్రెకు 3 మిల్లీగ్రాములు, అనగా ఇంచుమించు ఒక నువ్వుగింజ ఎత్తు! నువ్వుల సాగు తెలిసిన మన ప్రాంతమువారికి ఇంతకంటె తేలికయైన కొలత చెప్పలేము.

ఇక లక్షణములను చూచి లోపమును నిర్ణయించుట పొరపాటు. నల్లని వెంట్రుక ఎరుపు బారుట రాగి లోపమునకు గుర్తు కావచ్చును. నట్టల బాధ, తిండిలేమి సైతము వెంట్రుకను చెరచును. చూడు నిలువకపోవుటకు గర్భాశయపు చీము, ఎదను సకాలమున గుర్తింపకపోవుట, భాస్వరపు కొరత కూడ కారణములే. కావున మొదట పశువు తిను గడ్డి, తవుడు, చెక్కలను తూచి, వాని నమూనాలను పరీక్షింపవలెను. పిదప రక్తము. ఒక్క పశువు రక్తముతో తీర్పు చెప్పరాదు. ఒకే మేత తిను ఏడెనిమిది పశువులనుండి తీయవలెను.

ఇచట ఒక చిక్కు గలదు. రక్తము గడ్డకట్టిన పిమ్మట పైకి తేరు సీరంలోని సెలీనియం ఇటీవలి మేతను మాత్రమే తెలుపును. ఎర్రకణములు నాలుగైదు నెలలు బ్రతుకును గనుక గడ్డకట్టనీయని మొత్తము రక్తము గడచిన నెలల స్థితిని చెప్పును. రాగి విషయము మరింత మోసకరము. కాలేయమున నిలువ తరిగిపోవుచున్నను రక్తములో రాగి చాలకాలము మామూలుగానే కనబడును. పొదుగువాపు వంటి జబ్బున్న పశువులో రాగి పెరిగి జింకు తగ్గును. అది మేత లోపము కాదు. మామూలు రబ్బరు మూత గల గొట్టములో రక్తము పోసినచో రబ్బరులోని జింకు అందు కలిసి లోపమును కప్పివేయును. ఇంత చిన్న అజాగ్రత్తతో పరీక్ష అంతయు వృథా యగును.

ఒక ఖనిజము మరొకదానిని అడ్డగించుటయు గలదు. నల్లగొండ ఫ్లోరోసిస్ గ్రామములలో మోకాళ్ళు వంకరబోయిన వారిని 1970 దశకమున హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పరీక్షించిరి. అచటి జొన్నలో మాలిబ్డినం హెచ్చుగా నుండుటను, రోగుల మూత్రమున రాగి అధికముగా పోవుటను వారు గమనించిరి. అది మనుష్యుల కథ. పశువు కడుపులోనైతే మాలిబ్డినం గంధకముతో కూడి రాగిని బంధించివేయును. మేతలో రాగి ఉన్నను పశువునకు అందదు. అందుచేత రాగిని కొలుచునపుడు మాలిబ్డినంను కూడ కొలువవలెను.

అనుమానముతోనే సెలీనియం సూదులు వేయించుట మాత్రము ప్రమాదము. మేతలో కిలోకు 5 మిల్లీగ్రాములకు చేరినచో ఇదే విషమగును. పంజాబులోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ జిల్లాలలో నేలయందే సెలీనియం హెచ్చగు చోట్ల పశువుల గిట్టలు పగిలి ఊడిపోయినవి, తోక వెంట్రుకలు రాలినవి. లోపమున్న చోట ప్రాణము నిలుపునదే అచట పశువులను కుంటివానిని చేసినది.

పరీక్షాఫలము సందేహముగా నున్నచో పశువైద్యుని సలహాపై మందలో సగము పశువులకు ఖనిజ మిశ్రమము పెట్టి, తక్కిన సగమునకు పెట్టక, ఈతలు, మాయ పడు సమయము, చూలు నిలుచుట పుస్తకములో వ్రాసికొనవచ్చును. కోరుట్లలో పశువైద్య కళాశాల యున్నది. నమూనాలను ఎట్లు తీయవలెనో, ఎచటికి పంపవలెనో అచట ముందుగా అడిగి తెలిసికొనవచ్చును. వెళ్ళునపుడు బర్రె ఈనిన తేదీ, ఎదకు వచ్చిన తేదీలు, దినమునకు పెట్టు మేత తూకము ఒక కాగితముపై వ్రాసి తీసికొనిపోవలెను.