వరి పొలంలో వైర్‌లెస్ నీటిమట్ట పరికరాలు: లోపలి నిర్మాణం మారినప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని హాలియా ప్రాంతంలో వరి ప్రధాన పంట. కాలువ నీరు వంతులవారీగా విడుదలయ్యే యాసంగిలో, మట్టం నేలకు 15 సెం.మీ. దిగువకు చేరిన తరువాతే తిరిగి తడి ఇచ్చే ఎ.డబ్ల్యు.డి. పద్ధతి ఇటువంటి చోట ఎంతో ఉపయుక్తం. పూత దశలో మాత్రం పొలంలో నీరు నిలిపి ఉంచాలి. మట్టాన్ని రంధ్రాలున్న పీవీసీ గొట్టంలో స్కేలుతో కొలవవచ్చు. లేదా గొట్టంపై అల్ట్రాసోనిక్ సెన్సారు అమర్చి, రీడింగులను రేడియో ద్వారా గేట్‌వేకు చేరవేయవచ్చు.

రెండవ మార్గంలో ఒక చిక్కు ఉన్నది. పరికరం పొలంలో అనేక పంటకాలాలు పనిచేయవలసి ఉండగా, అందులోని చిప్పులు అంతకాలం అదే రూపంలో మార్కెట్లో లభించవు. చెడినదాని స్థానంలో వచ్చే పరికరానికి పేరు అదే, పెట్టె అదే. లోపలి బోర్డు వేరు.

రేడియో చిప్పు మారితే లోపం వెంటనే బయటపడుతుంది. ఉదాహరణకు, లోరా పరికరాలలో ఎస్‌ఎక్స్1276 చిప్పు నెట్‌వర్క్ గుర్తింపు సంకేతాన్ని ఒక బైటులో ఉంచుతుంది. తరువాత వచ్చిన ఎస్‌ఎక్స్1262 రెండు బైట్లలో ఉంచుతుంది. ప్రోగ్రాములో తగిన సవరణ చేయకపోతే గేట్‌వే కొత్త పరికరపు సందేశాన్ని స్వీకరించదు. రీడింగు రాకపోవడం కనిపించే లోపమే కనుక సరిచేయడం సులభం.

తప్పు రీడింగు రావడమే అసలు ప్రమాదం. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు, 40 డిగ్రీల వద్ద సుమారు 355 మీటర్లు. పాత బోర్డులో ఉష్ణోగ్రత సవరణ ఉండి, కొత్తదానిలో 20 డిగ్రీల విలువే స్థిరంగా ఉన్నదనుకుందాం. సెన్సారు నేలకు 35 సెం.మీ. ఎత్తున ఉంటే, నీరు 15 సెం.మీ. దిగువకు చేరినప్పుడు వాస్తవ దూరం 50 సెం.మీ. మండుటెండలో కొత్త పరికరం దానిని సుమారు 48.3 సెం.మీ.గా చూపుతుంది. అంటే నీరు 13.3 సెం.మీ. లోతులోనే ఉన్నట్లు భ్రమ. మట్టం రోజుకు ఒక సెంటీమీటరు దిగే పొలంలో మధ్యాహ్నపు రీడింగును నమ్మితే తడి దాదాపు రెండు రోజులు ఆలస్యమవుతుంది. దీనిని పసిగట్టడం కష్టం కాదు: వాన, తడి లేకుండానే మట్టం ప్రతి మధ్యాహ్నం పెరిగి, తెల్లవారేసరికి తగ్గినట్లు కనిపిస్తే అనుమానించవలసినది పొలాన్ని కాదు, బోర్డును.

పరిశోధన క్షేత్రంలో నష్టం మరింత లోతైనది. ఒకే ట్రీట్‌మెంటుకు చెందిన మళ్లలో పరికరాలు మార్చితే పరికర ప్రభావం, ట్రీట్‌మెంటు ప్రభావం కలిసిపోతాయి. ఆపై ఏ గణాంక విశ్లేషణా వాటిని విడదీయలేదు. మార్పు అనివార్యమైతే ఒక రెప్లికేషన్‌లోని మళ్లన్నింటిలో ఒకేసారి మార్చాలి. అయితే తడిని సెన్సారే నిర్ణయించే ప్రయోగాలకు ఇదీ చాలదు, ఎందుకంటే అక్కడ ట్రీట్‌మెంటే మారిపోతుంది.

కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు రైతు పొలాల్లో ఇటువంటి పరికరాలు అమర్చేటప్పుడు, విడి పరికరాలను తొలి కొనుగోలులోనే అదే బ్యాచ్ నుండి తీసుకోవడం మేలు. ప్రతి రీడింగుతోపాటు బోర్డు కూర్పు సంఖ్య కూడా నమోదు కావాలి. కొత్తదానిని పాతదాని పక్కనే, కనీసం ఒక తడి నుండి మరొక తడి వరకు నడిపి, రెండింటినీ తెల్లవారుజామున, మధ్యాహ్నం స్కేలు కొలతతో సరిచూడాలి. పాత పరికరం పూర్తిగా పాడై ఈ పోలికకు వీలులేనప్పుడు స్కేలు కొలత ఒక్కటే ఆధారం. అందువలన సెన్సారు అమర్చినా గొట్టంలో స్కేలు పెట్టి కొలవడానికి చోటు వదలాలి.