పుంజును కాదు, పుంజు తల్లిని చూడండి

నాటుకోడి పదిహేను గుడ్లు పెట్టి గంపలో కూర్చుందంటే చాలు, ఇంట్లో గొణుగుడు మొదలవుతుంది. కంబదూరు మండలంలోని ఒక పల్లెలో ఒకామె అదే మాట అంది. "వారం దినాలాయ సారూ, గంప దిగేకే లేదు. గుడ్డూ లేదు గిడ్డూ లేదు. సంతలో అమ్మేస్తా." వానలు ఎగ్గొట్టి శనక్కాయ చేతికి రాని ఏడాది అది. ఉప్పూ పప్పూ గుడ్ల డబ్బుతోనే వస్తున్నాయి. ఆమె విసుగులో తప్పు లేదు. కానీ అమ్మేముందు ఆ పెట్ట కడుపులో ఏం జరుగుతోందో మీరూ తెలుసుకోండి.

కోడిని కోసినప్పుడు చూసే ఉంటారు. వెన్నుకు ఆనుకుని ఎడమ పక్కన పచ్చసొనలు ద్రాక్షగుత్తిలా ఉంటాయి. అదే అండాశయం. కుడి పక్కది ఎదగకుండానే ఆగిపోతుంది. ఆ గుత్తిలో ఆవగింజంతవి లెక్కలేనన్ని. బాగా ఎదిగినవి మాత్రం అయిదో ఆరో, ఒకదాని కంటే ఒకటి చిన్నవిగా వరుసలో ఉంటాయి. అన్నిటికంటే పెద్దది జారిపోతే రెండోది ముందుకు వస్తుంది, వెనక నుంచి ఒక చిన్నది వరుసలో చేరుతుంది. రేషన్ షాపు ముందు క్యూ లాంటిదే. జారిన సొనకు తెల్లసొన, పెంకు పట్టి బయటికి రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకుకే పోతాయి. అందుకే ఈరోజు ఏడింటికి పెట్టిన కోడి రేపు ఎనిమిదికి పెడుతుంది, అట్లా జరుగుతూ జరుగుతూ ఒకరోజు మానేస్తుంది. అది జబ్బు కాదు, మందులు పోయకండి.

పొదుగుకు కూర్చున్న కోడిలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. దాంతో క్యూ చెదిరిపోతుంది. ఎదిగిన సొనలు కూడా ఒంట్లోకే ఇంకిపోతాయి. ఇక లెక్క చూడండి. పదిహేను గుడ్లు పెట్టడానికి ఇరవై రోజులు, పొదగడానికి 21 రోజులు, పిల్లలను తిప్పడానికి రెండు నెలలు. వంద రోజులకు ఒక ఈడు. ఏడాదికి నాటుకోడి 50, 60 గుడ్లు దాటకపోవడానికి కారణం సోమరితనం కాదు, ఈ లెక్కే. పిల్లలను నెలకే వేరు చేసి గంప కింద మేపుకుంటే తల్లి తొందరగా మళ్లీ గుడ్లకొస్తుంది.

పొదుగు మాన్పడానికి ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం మన పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. ఆ బాధ ఎందుకు? కింద గాలి ఆడే బుట్టలోనో జాలీ గూటిలోనో మూడు నాలుగు రోజులు పెట్టి మేత, నీళ్లు ఇవ్వండి. గూడు దొరక్కపోతే పొదిగే తలపు దానంతట అదే తగ్గుతుంది.

తెల్ల లెగ్‌హార్న్ కోళ్లలో తరతరాల ఎంపికతో పొదిగే గుణం దాదాపు పోయింది. ప్రొలాక్టిన్ జన్యువు ముందు భాగంలో 24 అక్షరాల చిన్న ముక్క ఒకటి ఆ కోళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. అయితే ఆ ఒక్క ముక్కతోనే అంతా తేలిపోదు, ఇంకా చాలా జన్యువుల పాత్ర ఉంది.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి గ్రామప్రియ, వనరాజా కోళ్లను తయారుచేసింది. గ్రామప్రియ గుడ్ల కోడి. మేత బాగుంటే ఏడాదికి 200 దాకా పెడుతుంది. వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికొస్తుంది, పెరట్లో 100, 110 పెడుతుంది. దీనికి మేత ఎక్కువైతే చేటు. ఆరు నెలలకు పెట్ట రెండుంపావు, రెండున్నర కిలోలు మించకూడదు. కొవ్వెక్కితే క్యూ పాడవుతుంది. ఒకేసారి రెండు సొనలు జారి జంటసొన గుడ్లొస్తాయి, కొన్ని కడుపులోనే పడిపోతాయి. ఇంకో మాట. ఇవి సంకర కోళ్లు. వీటి గుడ్లను పొదిగించి వచ్చిన పిల్లలు తల్లిలాగే పెడతాయనుకుంటే మోసపోతారు. పైగా వీటికి పొదిగే ఓపిక ఉండదు. అందుకే నా సలహా, అయిదు పెట్టలుంటే రెండన్నా నాటువి ఉంచుకోండి. కరెంటు లేకుండా పిల్లలను లేపేది అవే.

ఇక నాటుకోళ్లలోనే గుడ్లు పెంచుకోవాలంటే? మనం పుంజును రంగు చూసి, కాలు చూసి, పందెం చూసి ఎంచుకుంటాం. పుంజు గుడ్డు పెట్టదు కదా అంటారు. కానీ పెట్టపిల్లకు జడ్ అనే క్రోమోజోము ఒక్కటే ఉంటుంది, అది తండ్రి నుంచే వస్తుంది. ప్రొలాక్టిన్ మాట వినే జన్యువు ఉన్నది దాని మీదే. మిగతా జన్యువుల్లోనూ సగం తండ్రివే. ఒక పుంజు పది పెట్టల పిల్లలకు తండ్రి అవుతుంది కాబట్టి అందులో పొరపాటు జరిగితే మంద మొత్తానికీ దెబ్బే. కాబట్టి పుంజు తల్లి ఎన్ని గుడ్లు పెట్టింది, దాని అక్కచెల్లెళ్లు ఎట్లా పెడుతున్నాయి, ఇవి అడగండి. ఒక్క కోడిని చూసి తీర్పు చెప్పొద్దు, గుడ్ల గుణం మేతకూ ఎండకూ లొంగుతుంది. కుటుంబమంతా బాగా పెడితేనే నమ్మాలి. అదే పుంజును దాని కూతుళ్ల మీదికి వదలకండి, ఊళ్లో ఇంకొకరితో మార్చుకోండి.

ఆ కంబదూరు మండలం ఆమెను, మీ పుంజు తల్లి ఎన్ని పెట్టేదమ్మా అని అడిగాను. "సంతలో రంగు బాగుందని తెచ్చినాం సారూ, దాని తల్లి ఎవరో ఎవరికి ఎరుక" అని నవ్వింది. గంపలో ఉన్నదాన్ని మాత్రం అమ్మలేదు. పక్కింటామె దగ్గర నాలుగు గుడ్లు తెచ్చి దాని కింద పెట్టింది. పిల్లలు లేచాక ఏ తల్లి పిల్ల ఏదో తెలియడానికి కాళ్లకు రంగు దారాలు కట్టమని, పెట్టిన గుడ్డుకు గోడ మీద బొగ్గుతో గీత పెట్టమని చెప్పి వచ్చాను.