నిద్రకు దూరమైన సంశయం: ఓ.సి.డి. బాధితులు, వైకల్య ధ్రువీకరణ, సంఘకాపరి బాధ్యత

ఉపోద్ఘాతం

వికలాంగులను గూర్చి మాట్లాడినప్పుడు మన సంఘాలలో చాలామందికి చేతికర్ర, చక్రాల కుర్చీ మాత్రమే గుర్తుకు వస్తాయి. కంటికి కనిపించని వైకల్యం కూడా ఉన్నదని, దానిని మన దేశపు చట్టం గుర్తించినదని తెలిసినవారు తక్కువ. అటువంటి వాటిలో అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అనగా ఓ.సి.డి. ఒకటి. దీనితో బాధపడేవారికి తరచుగా నిద్రలేమి కూడా తోడవుతుంది. ఈ రెండింటి మధ్య నలిగిపోతూ ప్రభుత్వ సహాయం కొరకు ఆసుపత్రుల చుట్టూ తిరిగే విశ్వాసి మొదట వచ్చేది సంఘకాపరి యొద్దకే. ఆయన మాట మేలు చేయవచ్చు, తెలియకుండానే కీడు కూడా చేయవచ్చు. కావున ఈ వ్యాధి స్వభావమేమిటి, నిద్రతో దానికి గల సంబంధమేమిటి, చట్టం ఏమి ఇస్తున్నది, కాపరి ఏమి చేయవలెను అను నాలుగు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. చాదస్తం కాదు, వ్యాధి

ఓ.సి.డి.లో రెండు భాగాలున్నాయి. మొదటిది వెంటాడే ఆలోచన. వద్దనుకున్నా మనసులోకి చొరబడి భయాన్ని, అసహ్యాన్ని, అపరాధ భావాన్ని పుట్టించే తలంపు ఇది. రెండవది నిర్బంధ చర్య. ఆ బాధను తగ్గించుకొనుటకు మరల మరల చేసే పని ఇది. చేతులు కడుగుకొనుట, తలుపు గడియ చూచుట, లెక్కపెట్టుట బయటికి కనిపిస్తాయి. మనసులోనే ఒక ప్రార్థనను తప్పు లేకుండా వచ్చేవరకు తిరిగి చెప్పుకొనుట ఎవరికీ కనిపించదు. ఆ చర్య వలన కలిగే ఉపశమనం కొద్దిసేపే ఉంటుంది. ఆ ఉపశమనమే మరుసటిసారి అదే పనిని చేయమని మనసుకు నేర్పుతుంది. ఈ విధంగా చక్రం బిగుసుకుంటుంది.

ఇంటివారు దీనిని చాదస్తమని కొట్టిపారేస్తారు. అయితే చాదస్తం గల వ్యక్తి తన పద్ధతే సరియైనదని అనుకుంటాడు. ఓ.సి.డి. గల వ్యక్తి చాలావరకు తన పని అర్థరహితమని ఎరిగియుండి కూడా ఆపలేకపోతాడు. ఆలోచనలు, చర్యలు రోజుకు ఒక గంటకు మించి కాలాన్ని తినివేస్తే, లేక జీవితాన్ని గణనీయంగా దెబ్బతీస్తే వైద్యులు దానిని వ్యాధిగా పరిగణిస్తారు. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యులు దీనికి సంశయోన్మాదమని అర్థమిచ్చే పేరు పెట్టారు. ఆ పేరు నేటికీ తగినదే. ఈ వ్యాధికి మూలం మురికి కాదు, సంశయం.

ఈ సంశయం భక్తి జీవితంలో ప్రవేశించినప్పుడు పాశ్చాత్య సంఘము దానికి వేరొక పేరు పెట్టింది. లాటిను భాషలో ఆ పదానికి మూలార్థం చిన్న మొనదేలిన రాయి. చెప్పులో దూరిన రాయి వలె అది ప్రతి అడుగులోను గుచ్చుతుంది. ఎర్ఫర్ట్ మఠంలో మార్టిన్ లూథర్ గంటల తరబడి పాపాలు ఒప్పుకొనుట, ఆయన ఆత్మీయ మార్గదర్శియైన స్టౌపిట్జ్ విసిగిపోవుట సంఘ చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. 1522లో మన్రేసాలో ఇగ్నేషియస్ లొయోలా ఇటువంటి వేదననే అనుభవించాడు. జాన్ బన్యన్ 1666లో ప్రచురించిన స్వీయచరిత్రలో తనను వెంటాడిన దైవదూషణ తలంపులను వివరంగా వ్రాశాడు. గతించినవారికి మనం రోగనిర్ధారణ చేయరాదు. అయినను ఈ వేదన అవిశ్వాసానికి గుర్తు కాదని, గాఢమైన భక్తి గలవారిలో కూడా కనిపిస్తుందని చెప్పుటకు ఈ సాక్ష్యాలు చాలును. మన సంఘాలలో దీనికి తరచుగా కనిపించే రూపం, క్షమించబడని పాపం చేశానేమోనన్న భయం.

2. నిద్ర ఎందుకు దూరమవుతుంది?

రాత్రివేళ సంశయానికి అడ్డు ఉండదు. పగటి పనుల సందడి లేదు, ఇంటివారు నిద్రపోయారు. గ్యాసు కట్టేశానా, తలుపు వేశానా, చివరి ప్రార్థనలో మనసు మళ్లిందా అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. పడక చేరుటకు ముందు చేయవలసిన చర్యలే రెండు గంటలు పట్టవచ్చు. అందువలన కొందరిలో నిద్రవేళ క్రమంగా వెనుకకు జరిగి తెల్లవారుజాముకు చేరుతుంది. వారు పగలు పది గంటలకు లేస్తే సోమరులనిపించుకుంటారు.

నిద్ర చాలనప్పుడు వెంటాడే తలంపును పక్కకు నెట్టే శక్తి మరింత తగ్గుతుంది. అనగా వ్యాధి నిద్రను చెడగొడుతుంది, నిద్రలేమి వ్యాధిని పెంచుతుంది. ఓ.సి.డి.కి వాడే మందులలో కొన్ని కొందరికి నిద్రను తగ్గిస్తాయి, కొన్ని మగతను కలిగిస్తాయి. అటువంటప్పుడు మందు మానివేయరాదు. వేసుకొనే వేళను మార్చవచ్చునేమో వైద్యుని అడగవలెను.

చికిత్స ఉన్నది. 1966లో విక్టర్ మేయర్ అను మనస్తత్వవేత్త లండనులో ఒక పద్ధతిని ప్రచురించాడు. భయం కలిగించే పరిస్థితిని రోగి క్రమంగా ఎదుర్కొని, నిర్బంధ చర్యను చేయకుండా ఆగుట నేర్చుకొనుటే దాని సారం. నేటికీ ఓ.సి.డి.కి ప్రధానమైన మానసిక చికిత్స ఇదే. ఫ్లూఆక్సెటిన్, ఫ్లూవాక్సమిన్, సెర్ట్రాలిన్, క్లోమిప్రమిన్ వంటి మందులు కూడా మేలు చేస్తాయి. అయితే వీటి ఫలితం తెలియుటకు సాధారణంగా 8 నుండి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకే పని చేయలేదని మానివేయుట మనవారిలో తరచు జరిగే పొరపాటు. నిద్రలేమికి కూడా మాత్రలకన్న ముందు అలవాట్ల చికిత్సను సూచిస్తారు. ప్రతిదినం ఒకే వేళకు లేచుట, పడకను నిద్రకే వాడుట, నిద్ర పట్టనప్పుడు పొర్లాడక లేచి కాసేపు కూర్చొనుట దానిలో భాగాలు.

3. చట్టం ఏమి చెప్పుచున్నది?

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది. వాటిలో మానసిక వ్యాధి ఒకటి. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చింది. ఇది 21 వైకల్యాలను గుర్తిస్తున్నది, మానసిక వ్యాధి వాటిలో కొనసాగింది. సహాయాలలో అనేకం 40 శాతం లేక అంతకు మించిన వైకల్యం గలవారికే లభిస్తాయి.

కనిపించని బాధను శాతాలలో ఎట్లు కొలుస్తారు? ఇందుకు భారత మానసిక వైద్యుల సంఘం ఐడియాస్ అను కొలబద్దను రూపొందించింది. ప్రభుత్వం దానిని 2002లో ఆమోదించింది. 2018 జనవరి నాటి మార్గదర్శకాలు కూడా దానినే కొనసాగించాయి. ఇందులో నాలుగు అంశాలున్నాయి: స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, సంభాషణ మరియు గ్రహింపు, పని. ఒక్కొక్క దానికి 0 నుండి 4 వరకు మార్కులు వేస్తారు. వ్యాధి ఎంతకాలంగా ఉన్నదో దానికి 1 నుండి 4 వరకు కలుపుతారు. మొత్తం 20కి 7 వస్తే 40 శాతం హద్దు చేరినట్లు.

ఉదాహరణకు, పన్నెండేళ్లుగా వ్యాధి ఉన్న ఒక వ్యక్తికి స్వీయ సంరక్షణలో 1, సంబంధాలలో 1, సంభాషణలో 0, పనిలో 2 వచ్చాయనుకుందాం. మొత్తం 4. వ్యాధి పదేళ్లు దాటినందున మరియొక 4 చేరి 8 అవుతుంది. అతడు హద్దు దాటినట్లే. దీనిని బట్టి రెండు సంగతులు గ్రహించవలెను. మొదటిది, వ్యాధి ఎప్పుడు మొదలైనదో చూపే పాత చీటీలు ఎంతో విలువైనవి. రెండవది, నిద్రలేమికి విడిగా మార్కులు లేవు. అది స్నానానికి, భోజనానికి, ఉద్యోగానికి ఎట్లు అడ్డు వచ్చుచున్నదో చెప్పినప్పుడే లెక్కలోకి వస్తుంది. “నిద్ర పట్టడం లేదు” అనుట చాలదు. “తెల్లవారి నాలుగింటికి పడుకొనుట వలన నెలలో ఇన్ని దినాలు పనికి వెళ్లలేదు” అని చెప్పవలెను.

దరఖాస్తును కేంద్ర ప్రభుత్వపు స్వావలంబన్ పోర్టల్ ద్వారా చేయవచ్చు. అక్కడ లభించేదే యు.డి.ఐ.డి. కార్డు. తెలుగు రాష్ట్రాలలో 2010 తరువాత సదరం శిబిరాల ద్వారా ధ్రువపత్రాలిచ్చారు, అందువలన పల్లెల్లో నేటికీ దీనిని సదరం సర్టిఫికెట్ అనే అంటారు. మార్గదర్శకాలు 2024 మార్చిలో సవరించబడినవి గనుక బయలుదేరక ముందే జిల్లా ఆసుపత్రిలో విచారించుట మంచిది. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. నిర్ణయం అన్యాయమని తోస్తే అప్పీలు చేసుకొనుటకు 2016 చట్టం 59వ సెక్షను అవకాశమిస్తున్నది.

ధ్రువపత్రం వలన ప్రయోజనమేమి? ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జూలైలో నెలకు 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023 జూలైలో 4,016 రూపాయలకు పెరిగింది. పింఛనుకు ఆదాయం మొదలైన ఇతర నిబంధనలు కూడా వర్తిస్తాయి. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం, ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం రిజర్వేషనులో వీరికి కూడా భాగమున్నది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని ఆ కారణంగా తొలగించరాదని 20వ సెక్షను చెప్పుచున్నది.

4. దరఖాస్తు కాగితమే శోధన అయినప్పుడు

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఓ.సి.డి. గల వ్యక్తికి ఈ ప్రక్రియ అంతయు వ్యాధిని రేపునట్లు ఉంటుంది. ఫారంలో ప్రతి గడి ఒక సంశయం. వ్రాసిన తేదీ సరియైనదా? సంతకం వంకరగా ఉన్నదా? వీటికన్న లోతైనది మరియొకటి: “నేను అబద్ధమాడి పేదల సొమ్ము తీసుకొనుచున్నానా?” ఈ భయంతో కొందరు బాధను తగ్గించి చెబుతారు. మరికొందరు దైవదూషణ తలంపులను, అపవిత్రమని తోచే తలంపులను సిగ్గుతో దాచిపెడతారు. పైగా వైద్యుని ముందు ఆ పది నిమిషాలు శుభ్రంగా, మర్యాదగా కూర్చొని మాట్లాడతారు. అప్పుడు చూచువారికి వ్యాధి కనిపించదు.

సత్యమును గూర్చిన మన బోధ ఇక్కడ పనికి రావలెను. బాధను పెంచి చెప్పుట అబద్ధమే. బాధను తగ్గించి చెప్పుట కూడా సత్యం కాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే సాక్ష్యం. ఎంత శాతమో నిర్ణయించే భారం దరఖాస్తుదారునిది కాదు, వైద్యునిది. ఈ మాటను కాపరి ఒకసారి స్పష్టంగా చెప్పవలెను.

ఒకసారి అనుట ఎందుకనగా, అదే ప్రశ్న ఇరువదిసార్లు వచ్చినప్పుడు ఇరువదిసార్లు జవాబిచ్చుట ప్రేమగా కనిపించినను అది వ్యాధికి మేత. “నేను క్షమించబడ్డానా?” అని రాత్రి పదకొండింటికి ఫోను చేసే సహోదరునికి ప్రతిసారి ధైర్యం చెప్పినయెడల ఫోనే అతని నిర్బంధ చర్య అవుతుంది. “దీనికి మనం ఇదివరకే జవాబు చెప్పుకున్నాం. ఇప్పుడు మరల చెప్పను, అయితే నీకు తోడుగా ఉంటాను” అనుట కష్టమే. చికిత్స చేయువారితో మాట్లాడుకొని, రోగి సమ్మతితో అట్లు చేయవలెను.

5. సంఘకాపరి చేయదగినవి

మొదటిది, దయ్యం పట్టినదని తొందరపడి చెప్పరాదు. తన తలంపులకే భయపడుచున్న వ్యక్తికి ఆ మాట భయాన్ని రెట్టింపు చేస్తుంది.

రెండవది, ఉపవాస కూటములు, రాత్రంతా జరిగే ప్రార్థనల విషయంలో ఇటువంటివారికి బహిరంగంగా సిగ్గు కలుగని రీతిలో మినహాయింపు ఇవ్వవలెను. ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు (1 రాజులు 19) దేవుడు మొదట అతనికి నిద్రను, ఆహారాన్ని ఇచ్చాడు. సంభాషణ తరువాత వచ్చింది. ఆ క్రమాన్ని మన పరిచర్య తారుమారు చేయరాదు.

మూడవది, పరీక్షకు ముందు కుటుంబముతో కూర్చుండి ఒకే పుటలో వివరాలు వ్రాయించవలెను. వ్యాధి మొదలైన సంవత్సరం, స్నానానికి పట్టే సమయం, మానిన ఉద్యోగాలు, నిద్రించే వేళలు అందులో ఉండవలెను. ఇది చట్టం కోరే పత్రం కాదు. అయినను సిగ్గు వలన నోట రాని మాటను కాగితం చెప్పగలదు. ఒకసారి సరిచూచి కవరులో పెట్టి, మరల తెరవకూడదని ముందే ఒప్పందం చేసుకొనుట మంచిది.

నాలుగవది, ఆ దినమున తోడు వెళ్లవలెను. ఆసుపత్రి వరుసలో తెల్లవారే నిలబడుట నిద్రలేని మనిషికి సామాన్యమైన పని కాదు.

ఐదవది, చనిపోవాలన్న మాట వినిపిస్తే ఒంటరిగా విడువక వెంటనే వైద్య సహాయం పొందవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఇరువది నాలుగు గంటలు ఉచితంగా లభిస్తున్నది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

ముగింపు

పింఛను తీసుకొనుట విశ్వాస లోపమని భావించేవారు మన మధ్య ఉన్నారు. కుంటివానికి చేతికర్ర ఇచ్చుటను మనం అవిశ్వాసమనము. మనసు కుంటుపడినవానికి ధ్రువపత్రం కూడా అటువంటి ఊతమే. అది స్వస్థతకు అడ్డు కాదు, మందులకు, ప్రయాణ ఖర్చులకు, ఇంటి అద్దెకు ఆధారమై చికిత్సను కొనసాగించుటకు తోడ్పడుతుంది. శాతం తక్కువ వచ్చి సహాయం అందకపోయినను అతని బాధ నిజం కాదని అర్థం కాదు. కావున దరఖాస్తు ఫలితం ఏదైనను కాపరి సందర్శన ఆగరాదు. నెలకొకసారి మందులు అందుచున్నవా, వారమునకు ఎన్ని రాత్రులు నిద్ర పట్టినది అని అడుగుట కూడా కాపరి సేవలో భాగమే.