టెలిఫోను బిల్లుపై పన్ను: వాపసు ఎవరికి?

హైదరాబాదు చెంత మాదాపురము ఒకప్పుడు గ్రామమే. 1998 నవంబరులో అచ్చట సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప హైటెక్ సిటీ వెలసి, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల దిశగా విస్తరించినది. అచ్చటి సాఫ్ట్‌వేరు సంస్థలకు టెలిఫోను బిల్లుపై చెల్లించిన పన్ను తిరిగి వచ్చుచుండగా, పంచాయతికి ఏల రాదను సందేహము సభ్యులకు కలుగుట సహజము.

మన దేశమున 1994 జూలై 1 నుండి టెలిఫోను సేవపై 5 శాతము సేవాపన్ను విధింపబడినది. 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను, అనగా జి.ఎస్.టి., దాని స్థానమును పొందినది. నేడు నూరు రూపాయల ఛార్జీపై పన్ను 18 రూపాయలు.

ఈ పన్నును తుదకు భరించువాడు సేవను వినియోగించుకొనువాడే. విదేశములకు ఎగుమతియగు సేవపై మాత్రము మన పన్ను భారము ఉండరాదని చట్టము నిర్దేశించినది. కావున ఎగుమతికై వాడిన టెలిఫోనుపై పన్నును ఆ సంస్థ వాపసు కోరవచ్చును. పంచాయతి తన కార్యాలయ నిర్వహణకే టెలిఫోను వాడుకొనును గనుక ఆ పన్ను తిరిగి రాదు.

బిల్లు పొరపాటున అధికముగా వచ్చినచో సంగతి వేరు. వెంటనే టెలిఫోను కంపెనీకి ఫిర్యాదు చేసి, ఛార్జీతోపాటు దానిపై పన్నును కూడ తగ్గింపుమని కోరవలెను.

మీ గ్రామమున ఇంటనుండియే విదేశములకు సాఫ్ట్‌వేరు పని చేసిపెట్టు యువకులు ఉండవచ్చును. వారు జి.ఎస్.టి. క్రింద నమోదై, సంస్థ పేరిట బిల్లులను, విదేశీ ద్రవ్యము వచ్చినట్లు బ్యాంకు పత్రములను భద్రపరచి, ఆర్.ఎఫ్.డి.–01 అను దరఖాస్తును సమర్పింపవలెను. గడువు రెండు సంవత్సరములు. అది దాటినచో హక్కు చేజారును.

అమెరికాలో 2006వ సంవత్సరమున దూరప్రాంతపు పిలుపులపై వసూలైన 3 శాతము పన్నును సామాన్య వినియోగదారులకు సైతము తిరిగి యిచ్చునట్లు ప్రభుత్వము ప్రకటించినది. అచ్చటను ఆదాయపు పన్ను పత్రములో కోరినవారికే అది లభించినది.

కోరకయే వాపసు వచ్చినదని ఎవరైన టెలిఫోనులో పలికి, ఓ.టి.పి. గాని బ్యాంకు వివరములు గాని అడిగినచో చెప్పరాదు. మోసపోయినవారు తక్షణమే 1930 సంఖ్యకు తెలుపవలెను. ఈ రెండు మాటలు, హక్కుకు గడువు కలదనియు, అపరిచితుని మాట నమ్మరాదనియు, సభ్యులు గ్రామసభలో చాటుట ప్రజలకు మేలు.