ఇంటికి వచ్చిన పాత కారు

పాడియావును కొనువారు పాలను జూచి మురిసి మేతను మఱచుట లోకమున గలదు. గొప్ప కార్ల విషయమునను నేడు మన గృహములయం దదియే జరుగుచున్నది. జర్మనీ కంపెనీల విలాసపు కార్లు ఏడెనిమిదేండ్లు ఒకరి యింట తిరిగిన పిమ్మట క్రొత్త చిన్నకారు వెలకే దొరకుచుండుటచే, మా దర్శి వంటి యూళ్లలో సైతము వానిపై మనసు పోవుచున్నది. అట్టిదొకటి మా యింటికిని వచ్చినది. దానివలన మేము నేర్చిన సంగతుల నిచ్చట విన్నవింతుము.

2023లో మిరపకు మంచి ధర పలికినది. ఆ సొమ్ముతో మావారును మా మఱదియు విజయవాడకు బోయి, క్రొత్తదిగా నున్నపుడు 55 లక్షలు పలికిన కారును 12 లక్షలకు దెచ్చిరి. వీథివారందఱును వచ్చి చూచిపోయిరి. కారు వెల తగ్గినదిగాని దాని భాగముల వెల తగ్గలేదని మాలో నొక్కరికిని తోచలేదు. క్రొత్త కారునకు వేయు గేరుబాక్సు వెల యెంతయో, పాతదానికి వేయుదాని వెలయు నంతియే. పైగా పాతదానికే యట్టివి తఱచుగా గావలసివచ్చును. 12 లక్షలు పెట్టి కొన్నవారును 55 లక్షల కారునే పోషింపవలసియుండును.

ఇట్టి యింజనులకు బలమిచ్చునది టర్బో యను చిన్న గాలిచక్రము. కారు వడిగా బోవునపుడు అది నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. దానిని గాపాడునది ఇంజను ఆయిలే. కంపెనీవారు చెప్పిన రకపు ఆయిలునే గడువు దాటకుండ మార్పింపవలెను. చవుక ఆయిలు పోసి వేలు మిగిల్చినవారు లక్షలు పోగొట్టుకొందురు. దూరము వడిగా నడిపి వచ్చినపుడు ఇంజనును వెంటనే యార్పక, ఒక నిమిషము నెమ్మదిగా తిరుగనిచ్చుట మంచిది. కొన్ని కార్లకు స్ప్రింగులకు మాఱుగా గాలి నింపిన రబ్బరు తిత్తులుండును. అవి ముదిరి పగిలినచో కారు రాత్రికి రాత్రి క్రుంగిపోవును.

మాకు కీడు వచ్చినది నీటిగొట్టముతో. ఇంజనును చల్లార్చు ద్రవము పాఱు గొట్టములును, వాని ప్లాస్టిక్కు అతుకులును ఏండ్ల తరబడి వేడికి పెళుసెక్కును. 2024 మే నెలలో పొదిలి నుండి వచ్చుచుండగా నొక యతుకు విఱిగినది. ఎఱ్ఱదీపము వెలిగినను, “ఇల్లు దగ్గఱనే గదా” యని మావారు మఱి నాలుగు కిలోమీటరులు నడిపిరి. వేడికి ఇంజను పైభాగము వంగిపోయినది. కొన్ని వేలతో తీరవలసిన పని 2 లక్షల 60 వేలకు బోయినది. మా చేతి గాజులు బ్యాంకునకు జేరినవి. మిరప యమ్మగానే విడిపింతమనుకొంటిమి. 2025 ఆరంభమున ధర పడిపోగా, కేంద్రప్రభుత్వము మార్కెటు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలు ప్రకటింపవలసివచ్చిన సంగతి మీరెఱుగుదురు. చేని రాబడి తగ్గినంతమాత్రమున కారు మేత తగ్గదు.

అప్పటినుండి కారును మేమే కనిపెట్టి చూడసాగితిమి. ఇది ఆడువారి పని కాదనువారికి ఒక ముచ్చట చెప్పవలెను. 1888 ఆగస్టులో బెర్తా బెంజి యను జర్మనీ యిల్లాలు, భర్తకు జెప్పకయే, ఆయన నిర్మించిన మోటారుబండిలో ఇద్దఱు కుమారులతో మాన్‌హైము నుండి ప్ఫోర్ట్స్‌హైమునకు నూఱు కిలోమీటరులకు పైగా ప్రయాణము చేసెను. ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీసూదితో పొడిచి బాగుచేసెను. బ్రేకు దిమ్మెలరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను.

మనము చేయదగిన పనులు అంతకన్న సులువు. ఉదయమున ముగ్గు వేయబోవునపుడు కారు క్రింది నేలను జూడవలెను. నల్లని బొట్టున్న ఆయిలు కారుచున్నదనియు, రంగునీటి బొట్టున్న చల్లార్చు ద్రవము కారుచున్నదనియు గ్రహింపవలెను. ఆ ద్రవము విషము గనుక పిల్లలను పశువులను చేరనీయరాదు. ఇంజను వేడిగా నున్నపుడు దాని మూత విప్పరాదు. ఎలుకలు తీగలను కొఱుకును గనుక ధాన్యపు బస్తాల ప్రక్కన కారు నిలుపరాదు. నెలనెలా కొంత సొమ్ము కారు పేర వేఱుగా దాచవలెను. అట్లు దాచుటకు వీలులేనివారు ఇట్టి కారును కొనకుండుటే మేలు.

కొనదలచినవారు మఱియొకటి గమనింపవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది వాహనములు మునిగినవి. నీట మునిగిన కారు పైకి మెఱుగుగా నున్నను, దాని తీగలు కొన్ని నెలలకు చిలుమెక్కి చెడును. సీటుబెల్టును తుదివఱకు లాగి బురద మఱకలున్నవేమో చూడవలెను. తివాచీ క్రింద బూజువాసనయు, అదనపు చక్రపు గుంటలో ఒండ్రును వెదకవలెను. 29, 30 ఫారములతో యాజమాన్యమును, దానితోపాటు బీమాను తమ పేర మార్పించుకొనవలెను.

గత వేసవిలో కారును అమ్మదలచితిమి. ఒక దంపతులు చూడవచ్చిరి. ఇంజను సంగతి చెప్పినచో ధర విఱుగునని మా మఱది సంకోచించెను. మేము బిల్లుల కట్టను, లెక్కల పుస్తకమును దెచ్చి ఆ యిల్లాలి చేతిలో బెట్టితిమి. ఆమె ప్రతి పుటయు చదివినది. వారు లక్ష తగ్గించి యడిగిరి, ఇచ్చితిమి. మా గాజులు మా చేతికి వచ్చినవి. ఆమె చేతి గాజులు బ్యాంకునకు జేరకుండినచో, ఆ లక్ష సద్వినియోగమైనట్లే మేము తలంతుము.